మేడ మీద కూడా వైఫై అందాలంటే: రెండో రూటర్ బిగించుకునే పద్ధతి

కింద హాల్లో వైఫై గీతలు నిండుగా ఉంటాయి. మెట్లెక్కి పై గదిలోకి వెళ్లేసరికి ఒక్క గీత మిగులుతుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోతుంది, వీడియో కాల్‌లో అవతలివాళ్ల మొహం ముక్కలు ముక్కలవుతుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని, కంపెనీకి ఫోన్ చేసి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 200కి మార్పించుకోవడం. నెలనెలా బిల్లు పెరుగుతుంది కానీ పై గదిలో గీత మాత్రం పెరగదు. అక్కడ అడ్డం పడుతున్నది ఇనుప చువ్వలు పరిచి పోసిన స్లాబు. దాన్ని దాటాలంటే పైన ఇంకో రూటర్ పెట్టాలి, కింది నుంచి పైదాకా ఒక వైరు లాగాలి.

ఫైబర్ కనెక్షన్ ఉన్న రెండంతస్తుల ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నాలుగైదు గదుల ఆఫీసుకూ దాదాపు ఇదే పద్ధతి, తేడా ఉన్నచోట చెప్తాను. ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనిలో ముప్పాతిక వంతు వైరు పనే. సెట్టింగులకు అరగంట చాలు. పెట్టె ఎక్కడ పెట్టాలి, వైరు ఎటు నుంచి తీయాలి అనే ఆలోచనకే ఒక పూట కేటాయించండి.

కొనే ముందు కింది పెట్టె దగ్గర ఒక పరీక్ష

కంపెనీవాళ్లు గోడకు బిగించి వెళ్లిన పెట్టెను ఓఎన్‌టీ అంటారు. సన్నటి ఫైబర్ తీగ ఆకుపచ్చ కొన ఉన్న ప్లగ్గుతో వచ్చి దీనికే తగులుకుంటుంది. ఇప్పుడు వేస్తున్న పెట్టెల్లో ఎక్కువ భాగం రెండు పనులు చేస్తాయి: ఫైబర్‌లో వచ్చే వెలుగును ఇంటర్నెట్‌గా మార్చడం ఒకటి, దాన్ని వైఫైగా ఇంట్లో పంచడం రెండోది. మీరు కొనే రూటర్ ఆ రెండో పనికే. మొదటిది ఓఎన్‌టీయే చేయాలి కాబట్టి దాన్ని తీసి పక్కన పడేయడం కుదరదు.

పెట్టె మీద లైట్లు చూడండి. పవర్ వెలగాలి, పాన్ (PON) అని రాసిన లైటు కదలకుండా పచ్చగా ఉండాలి, ఎల్‌ఓఎస్ లైటు వెలగకూడదు. అది ఎర్రగా మినుకుమంటుంటే ఫైబర్‌లోంచి వెలుగు రావడం లేదని అర్థం. అలాంటప్పుడు ఇంట్లో ఎన్ని రూటర్లు పెట్టినా ఉపయోగం లేదు, కంపెనీవాళ్లే రావాలి. ఫైబర్ ప్లగ్గును ఊరికే ఊడదీయకండి, తీగను మడత పడేలా వంచకండి. ఊడిన కొనలోకి కన్ను పెట్టి అసలే చూడకండి. లోపల నడిచే లేజర్ కంటికి కనపడదు, ఏమీ లేదనుకుని చూస్తే కంటికే ప్రమాదం.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌ను చిన్న ల్యాన్ వైరుతో (కంప్యూటర్‌నూ రూటర్‌నూ కలిపే వైరు) నేరుగా ఈ పెట్టెకు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్ పట్టుకుని పెట్టెకు రెండడుగుల దూరంలో నిలబడి చేయండి. 100 ప్లాన్‌కు 90కి పైగా వస్తుంటే కనెక్షన్ బాగానే ఉంది, లోటు ఇంట్లో పంచడంలోనే ఉంది. ఇక్కడే 20, 30 వస్తుంటే మాత్రం కొత్త రూటర్ కొనకండి. ముందు కంపెనీతో ఆ సంగతి తేల్చుకోండి.

రూటర్‌కు చోటు వెతకడం

మన ఇళ్లలో రూటర్లు ఎక్కువగా ఉండేవి రెండు చోట్ల: టీవీ వెనకాల, గుమ్మం పైన కరెంటు మీటరు పక్కన. కేబుల్ అతనికి తీగ లోపలికి తీయడానికి ఎక్కడ సులువో అక్కడే పెట్టె బిగించి వెళ్తాడు. అతన్ని తప్పు పట్టలేం, అతని పని అంతవరకే. మీరు కొనే రెండో రూటర్ మాత్రం మీ ఇష్టప్రకారం పెట్టుకునేది. కాబట్టి పై అంతస్తులో ఎక్కువసేపు ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూసి, దానికి మధ్యగా ఉండే గోడ ఎంచుకోండి.

మనిషి నిలబడితే తల ఎత్తున లేదా ఇంకాస్త పైన ఉంటే మంచిది. ఇనుప బీరువా పైన, ఫ్రిజ్ వెనక, పెద్ద అద్దం వెనక పెట్టవద్దు. లోహం సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది, నీళ్లు పీల్చేసుకుంటాయి, అందుకే అక్వేరియం పక్కన కూడా వద్దు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి వంటగది గోడకు దూరంగా ఉంచండి. చెక్క అల్మారాలో పెట్టి తలుపులు వేసేస్తే సిగ్నల్ కొంత తగ్గుతుంది. అంతకన్నా మన ఎండాకాలంలో పెట్టె లోపలే ఉడికి మొరాయించడం పెద్ద ఇబ్బంది.

యాంటెన్నాలు తిప్పడం గురించి ఎవరూ పట్టించుకోరు. నిలువుగా ఉన్న యాంటెన్నా చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో పరుచుకుంటుంది: పక్కలకు దట్టంగా, సరిగ్గా నడినెత్తిన చిల్లు. అందుకే కింది పెట్టెకు సూటిగా పైనున్న గదిలో ఒక్కోసారి సిగ్నల్ మరీ తక్కువగా ఉంటుంది. అంతస్తంతా ఒకే ఎత్తులో పంచాలంటే యాంటెన్నాలన్నీ నిలువుగా పెట్టండి. పైకీ కిందికీ కూడా కాస్త అందాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి.

ఏ రూటర్ కొనాలి

డబ్బా మీద ఏసీ 1200 అని ఉంటే మీకు 1200 ఎంబీపీఎస్ వస్తుందని కాదు. 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867, ఈ రెంటినీ కలిపి, కాస్త పైకి గుండుగుత్తగా చేసి వేసిన అంకె అది. ఈ రెంటినీ బ్యాండ్లు అంటారు, ఒక ఫోన్ ఒకసారి ఒక బ్యాండ్ మీదే మాట్లాడుతుంది, అదీ కాగితం మీది వేగంలో సగం అందుకుంటే గొప్ప. అసలు చూడాల్సింది డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది: పోర్టులు (వైరు గుచ్చే చోట్లు) 10/100 అని ఉన్నాయా, 10/100/1000 అని ఉన్నాయా. మొదటి రకమైతే వైరు మీద 100కి మించి రాదు. మీది 200 ప్లాన్ అయితే సగం డబ్బు దండగే. గిగాబిట్ పోర్టులున్నదే తీసుకోండి.

రెండు బ్యాండ్లూ ఉండాలి. ఏఎక్స్ అని రాసి ఉంటే అది వైఫై 6. ఇంట్లో ఫోన్లు, టీవీ, కెమెరాలు కలిపి పదిహేను ఇరవై దాటితే దానివల్ల తేడా తెలుస్తుంది. నలుగురే ఉన్న ఇంటికి వైఫై 5 కూడా చాలు. యాక్సెస్ పాయింట్ మోడ్, అంటే వైరులో వచ్చే ఇంటర్నెట్‌ను వైఫైగా పంచడం మాత్రమే చేసే పద్ధతి, ఉందో లేదో మాత్రం దుకాణంలోనే అడిగి తెలుసుకోండి. మనకు కావలసింది అదే.

అద్దె ఇల్లయి గోడకు చిల్లు పెట్టనివ్వకపోతే మెష్ సెట్టు తీసుకోవచ్చు. వైరు లేకుండా పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఖర్చు ఎక్కువ, స్లాబు వాటికీ అడ్డమే, అందుకని రెండో పెట్టె మెట్ల దగ్గర ఉండాలి. ఉన్న వైఫైనే అందుకుని మళ్లీ పంపే రిపీటర్ చవక. అయితే ఒకే బ్యాండ్ మీద తీసుకుని అదే బ్యాండ్ మీద మళ్లీ పంపే రకమైతే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. సిగ్నల్ లేని గదిలోనే రిపీటర్ పెట్టేసేవాళ్లు చాలామంది. దానికే అందనప్పుడు అది మీకేం ఇస్తుంది? సిగ్నల్ ఇంకా బాగున్న చోట, దారి మధ్యలో పెట్టాలి. చిల్లు పెట్టే అవకాశం ఉంటే ఇవన్నీ వదిలేసి వైరే లాగండి.

వైరు లాగడం

క్యాట్ 6 వైరు అడగండి. 5ఈ రకం కూడా 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, ఇంటికి అంత దూరం ఎలాగూ ఉండదు. గట్టిగా అడగాల్సింది లోపల పూర్తి రాగి ఉందా అని. అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవి సగం ధరకే దొరుకుతాయి, సీసీఏ అని అంటారు. బ్లేడుతో ఒక తీగ కొన గీకి చూడండి, లోపల వెండిలా తెల్లగా కనిపిస్తే అదే. అవి వంచితే విరుగుతాయి, కొన్నాళ్లకు జాయింట్ల దగ్గర మొరాయిస్తాయి. గోడలో పెట్టే వైరు దగ్గర నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలని చూడకండి.

దారి ఎటు? ఇల్లు కట్టేటప్పుడు ఫోన్ కోసమో కేబుల్ టీవీ కోసమో గోడలో వేసిన పైపు ఖాళీగా ఉంటే అదృష్టం. స్ప్రింగు తీగ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే పది నిమిషాల్లో లాగేస్తాడు. కరెంటు వైర్లు వెళ్లే పైపులోనే దీన్నీ తోసేస్తానంటే ఒప్పుకోకండి. కరెంటు వైరు తోలు ఊడి దీనికి తగిలితే రూటర్‌తో పోదు, రూటర్ ముట్టుకున్న మనిషికీ ప్రమాదమే. పైపు లేకపోతే మెట్ల పక్క గోడ మీద ప్లాస్టిక్ కేసింగ్‌లో తీయండి. బయట గోడ మీదుగా తీయక తప్పకపోతే ఎండకు తట్టుకునే అవుట్‌డోర్ రకం తీసుకుని, లోపలికి దూరే చోట వైరును కాస్త కిందికి వంపు తిప్పి పెట్టండి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, చిల్లులోకి రాదు.

రెండు కొనలా ప్లగ్గులు బిగించి అమ్మే వైర్లు పది, పదిహేను, ఇరవై మీటర్లలో దొరుకుతాయి. గోడ మీదుగా తీసేట్టయితే అవే హాయి. పైపులోంచి అయితే ప్లగ్గు మూలల దగ్గర ఇరుక్కుంటుంది కాబట్టి ఉత్త వైరు లాగి, తర్వాత కొనలకు ప్లగ్గులు నొక్కి బిగించాలి, దీన్నే క్రింప్ చేయడం అంటారు.

క్రింపింగ్ మీరే చేసుకుంటే వరుస ఇది. ప్లగ్గు క్లిప్పు కిందివైపు, వైరు దూరే నోరు మీవైపు ఉండేలా పట్టుకోండి. ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొనలా ఇదే వరుస. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరుతుంది, అందరూ తడబడేది అక్కడే. మెలికలు ఎక్కువ దూరం విప్పకండి, అర అంగుళం చాలు. ఎనిమిది తీగలనూ సమానంగా కత్తిరించి, ప్లగ్గు చివరి దాకా తోయండి. ముందు వైపు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలు మెరుస్తూ కనబడాలి. పై తోలు కూడా ప్లగ్గు లోపలికి వెళ్లాలి. లేకపోతే క్రింప్ నొక్కినా పట్టు తోలు మీద పడక, వైరును ఒకసారి లాగితే ఊడి వస్తుంది. ల్యాన్ వైరు టెస్టర్ పెట్టి ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరుసగా వెలుగుతున్నాయో లేదో చూసుకోండి.

సెట్టింగులు: కిందే కూర్చుని చేయండి

కొత్త రూటర్‌ను వెంటనే పైకి తీసుకెళ్లి గోడకు బిగించకండి. కింద టేబుల్ మీద పెట్టి, సెట్టింగులన్నీ అయ్యాక పైకి తీసుకెళ్లండి. తేడా వస్తే మెట్లెక్కి దిగే పని తప్పుతుంది.

రూటర్‌కు దానితో వచ్చిన అడాప్టర్ మాత్రమే పెట్టి ఆన్ చేయండి. రెండు నిమిషాలు ఆగితే లైట్లు కుదుటపడతాయి. ఓఎన్‌టీతో ఇంకా కలపవద్దు. రూటర్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద వైఫై పేరు, పాస్‌వర్డ్, లాగిన్ అడ్రసు ఉంటాయి. ఫోన్‌తో దాని ఫొటో తీసుకోండి. గోడకు బిగించాక ఆ స్టిక్కర్ కనిపించదు.

ఆ వైఫైకి ఫోన్ కలిపి, బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా 192.168.1.1, స్టిక్కర్ మీద ఏది ఉంటే అది, కొట్టండి. పేజీ తెరుచుకోకపోతే కారణం తొంభై శాతం ఇదే: ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనించి ఫోన్ తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోయింది. మొబైల్ డేటా ఆపేసి మళ్లీ కొట్టండి, తెరుచుకుంటుంది. ముందుగా అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టమంటుంది, పెట్టి కాగితం మీద రాసుకోండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రూటర్ లోపలికి వెళ్లే తాళం. రెండూ వేర్వేరుగా ఉండాలి.

తర్వాత ఆపరేషన్ మోడ్ అనే చోటుకు వెళ్లి యాక్సెస్ పాయింట్ ఎంచుకోండి. చాలా రూటర్లలో ఇది సిస్టమ్ టూల్స్ కిందో అడ్వాన్స్‌డ్ కిందో ఉంటుంది. సేవ్ చేయగానే రూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఈ మోడ్‌లో కొత్త రూటర్ ఎవరికీ ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో ఫోన్‌కు, టీవీకి ఇచ్చే నంబర్లు) పంచదు, ఆ పెత్తనమంతా కింది పెట్టెకే వదిలేసి, తను వైఫై మాత్రం ఇస్తుంది. ఇంట్లో అందరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటారు: పై గదిలోంచి కింది ప్రింటర్‌కు ప్రింట్ ఇవ్వొచ్చు, కింది టీవీ మీదికి ఫోన్‌లోని వీడియో పంపొచ్చు.

పాత రూటర్ ఏదో అల్మారాలో ఉందని దాన్నే వాడబోతే, అందులో ఈ మోడ్ లేకపోవచ్చు. అయినా పని జరుగుతుంది, చేతితో చేసుకోవాలి అంతే. కింది పెట్టె అడ్రసు 192.168.1.1 అనుకుందాం. పాత రూటర్‌లో ల్యాన్ సెట్టింగులకు వెళ్లి దాని సొంత అడ్రసును 192.168.1.2 చేయండి. మొదటి మూడు అంకెలూ కింది పెట్టెతో కలవాలి, చివరిది మాత్రం వేరుగా ఉండాలి. ఆ చివరి అంకె కింది పెట్టె ఫోన్లకు పంచే వరుసలో లేకుండా చూసుకోండి, లేకపోతే ఎప్పుడో ఒకరోజు ఏదో ఒక ఫోన్‌కు అదే అడ్రసు తగిలి రెండూ తగువులాడుకుంటాయి. సేవ్ చేసి, కొత్త అడ్రసుతో మళ్లీ లాగిన్ అవ్వండి. ఆ తర్వాతే డీహెచ్‌సీపీ, అంటే అడ్రసులు పంచే పని, ఆపండి. వరుస తారుమారై డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే మీ ఫోన్‌కు అడ్రసు ఇచ్చేవాళ్లు ఉండరు, పేజీలోకి మళ్లీ వెళ్లడం కష్టం. ఇలా చేతితో మార్చిన రూటర్‌లో వైరును వ్యాన్ పోర్టుకు (బయటి ఇంటర్నెట్ వచ్చే పోర్టు) పెట్టకూడదు. మిగతా నాలుగు ల్యాన్ పోర్టుల్లో దేనికైనా పెట్టండి. వ్యాన్ పోర్టు సాధారణంగా వేరే రంగులో, కాస్త ఎడంగా ఉంటుంది. కావాలంటే దాని మీద టేపు అంటించండి, తర్వాత ఎవరూ పొరపాటు పడరు.

వైఫై పేరూ పాస్‌వర్డూ కింది పెట్టెకు ఉన్నవే పెట్టండి, అక్షరం తేడా లేకుండా. సెక్యూరిటీ రకం కూడా ఒకటే ఉండాలి. అప్పుడు ఫోన్ పట్టుకుని మెట్లెక్కితే అదే పైదానికి మారుతుంది. కొన్ని ఫోన్లు పాతదాన్ని పట్టుకుని వేలాడతాయి, ఒకసారి వైఫై ఆపి వేస్తే సరి. రెంటికీ వేర్వేరు పేర్లు పెడితే ఏది దేనికి తగులుకుందో తెలుస్తుంది నిజమే, కానీ ఇంట్లో పెద్దవాళ్లకు రోజూ పేర్లు మార్చుకునే టెన్షన్ ఎందుకు?

పేరు ఒకటైనా ఛానల్, అంటే బ్యాండ్‌లో ఒక్కో రూటర్ వాడుకునే వరుస, మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11. కింద 1 ఉంటే పైన 6 లేదా 11 పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. అపార్టుమెంట్లలో చుట్టుపక్కల వైఫైలు ఇరవై దాకా కనిపిస్తాయి, అక్కడ 2.4 మీద ఆశ పెట్టుకోకుండా ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ 5 గిగాహెర్ట్జ్ మీద నడిపించండి. 5లో కింద 36, పైన 149 పెట్టి చూడండి. 5 వేగం ఎక్కువ, గోడలు దాటడం తక్కువ. స్మార్ట్ బల్బులు, చవక కెమెరాలు మాత్రం ఎక్కువగా 2.4లోనే పనిచేస్తాయి. రెండు బ్యాండ్లనూ ఒకే పేరుతో కలిపేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, అలాంటి కెమెరా మొదటిసారి కలవనని మొండికేస్తుంది. దాన్ని కలిపేంతసేపు 5ను ఆపేసి, తర్వాత మళ్లీ వేయండి.

ఇప్పుడు ఓఎన్‌టీ ల్యాన్ పోర్టులో పై నుంచి వచ్చిన వైరు కొన గుచ్చండి, టిక్ అని శబ్దం వచ్చే దాకా. ఓఎన్‌టీలో కొన్నిసార్లు ఒక్క పోర్టే గిగాబిట్ ఉంటుంది, దాని పక్కన జీఈ అని రాసి ఉంటుంది. దాన్నే వాడండి. రెండో కొన పైన రూటర్‌కు. మోడ్ మార్చిన కొత్త రూటర్ అయితే వ్యాన్ పోర్టులోనే పెట్టొచ్చు.

ఓఎన్‌టీని పక్కకు తప్పించి మీ రూటర్‌నే పెద్దను చేయాలంటే

ఆఫీసులకు, ఇంట్లోంచి సర్వర్ నడిపేవాళ్లకు ఇది అవసరం పడొచ్చు. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని కంపెనీని అడగాలి. అప్పుడది ఫైబర్‌ను వైరుగా మార్చి వదిలేస్తుంది, లాగిన్ మీ రూటర్ చేస్తుంది. దానికి పీపీపీఓఈ (కంపెనీ నెట్‌వర్క్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, విలాన్ నంబరు (ఒకే తీగలో ఇంటర్నెట్‌ను వేరుగా గుర్తించే నంబరు) కావాలి. మూడూ ముందే రాయించుకోండి. కొందరు కనెక్షన్‌ను పాత పెట్టె మ్యాక్ అడ్రసుకు (తయారీలోనే పెట్టెకు ఇచ్చే గుర్తింపు నంబరు) ముడిపెడతారు, ఆ ముడి విప్పించాలి. ఏపీ ఫైబర్‌నెట్‌లాగా టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ ఒకే తీగలో వచ్చే ఇంట్లో బ్రిడ్జ్ మోడ్ పెట్టే ముందు టీవీ, ల్యాండ్‌లైన్ సంగతేమిటని అడగండి. ఇంటర్నెట్ బాగుపడి సీరియల్ ఆగిపోతే ఇంట్లో ఆ గొడవ వేరు.

బ్రిడ్జ్ పెట్టకుండా, మోడ్ మార్చకుండా రూటర్ వెనక రూటర్ తగిలిస్తే ఇంటర్నెట్ వస్తుంది. కానీ అడ్రసులు రెండుసార్లు మారతాయి. బయట నుంచి కెమెరా చూడడం, కొన్ని ఆటలు, ఆఫీసు వీపీఎన్‌లు అక్కడ తడబడతాయి.

ఆఫీసులో ఇంకో రెండు పనులు చేయండి. వచ్చేపోయేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఇవ్వండి. ప్రింటర్‌కు ఎప్పుడూ ఒకే అడ్రసు వచ్చేలా పెద్ద రూటర్‌లో రిజర్వ్ చేయండి, లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రింటర్ కనిపించడం లేదని అందరూ మీ దగ్గరికే వస్తారు.

తాళాలు

2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతటా లక్షల కెమెరాలను, రూటర్లను పట్టేసింది. అది చేసిందల్లా కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డులను వరసపెట్టి ప్రయత్నించడమే. అందుకే అడ్మిన్ పాస్‌వర్డ్‌ను అడ్మిన్ అనే వదిలేయకూడదు. కింది ఓఎన్‌టీకి కూడా మార్చండి, చాలామంది కొత్తదానికి మార్చి పాతదాన్ని మర్చిపోతారు. వైఫై సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి, బయట నుంచి సెట్టింగులు మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేయండి, ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేసేయండి. అప్‌డేట్ నడిచేటప్పుడు కరెంటు పోతే పెట్టె పాడవుతుంది, కోత వేళల్లో మొదలుపెట్టకండి. వైఫై పాస్‌వర్డ్ ఫోన్ నంబరు పెట్టేవాళ్లున్నారు, ఆ నంబరు వీధిలో అందరి దగ్గరా ఉంటుంది.

కరెంటు, పిడుగులు

కరెంటు పోయినప్పుడు కూడా నెట్ రావాలంటే కింది ఓఎన్‌టీకీ పైన రూటర్‌కీ రెంటికీ బ్యాకప్ ఉండాలి. పైదానికి మాత్రమే మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ పెట్టె) పెడితే వైఫై గీతలు నిండుగా కనిపిస్తాయి, ఇంటర్నెట్ ఉండదు. మినీ యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టర్ మీది ఓల్టులు చూడండి. 12 ఓల్టుల పెట్టెకు 12 ఓల్టులే ఇవ్వాలి, ఆంపియర్లు మాత్రం అడాప్టర్ మీద ఉన్నంతో, అంతకన్నా ఎక్కువో ఉండొచ్చు. ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో కొన్ని రూటర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి. ఆఫీసు కాల్స్ ఉన్నవాళ్లకు మినీ యూపీఎస్ అప్పుడూ పనికొస్తుంది.

ఎండాకాలం చివర ఉరుములతో వాన మొదలవగానే అడాప్టర్లు పీకేయండి. గోడ బయట నుంచి వెళ్లే ల్యాన్ వైరు ఉంటే దాని కొనలు కూడా తీయండి. పిడుగు దగ్గర్లో పడితే ఆ పొడుగాటి రాగి తీగలోకి వచ్చే పోటుకు రెండు పెట్టెల పోర్టులూ ఒకేసారి పోతాయి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు బయటికి రావాలి.

సరిగ్గా కుదిరిందో లేదో

పైన రూటర్ దగ్గర నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. ఎంబీపీఎస్‌కూ డౌన్‌లోడ్‌లో కనిపించే ఎంబీకీ ఎనిమిది రెట్ల తేడా ఉంటుంది. 100 ప్లాన్‌లో ఫైలు సెకనుకు 12 ఎంబీ చొప్పున దిగుతుంటే అది సరైన వేగమే, ఎవరూ మోసం చేయలేదు. 200 ప్లాన్ ఉండి, ఎన్నిసార్లు చూసినా 94, 95 దగ్గరే ఆగిపోతుంటే మాత్రం గుర్తుంచుకోండి: దారిలో ఎక్కడో 100 పోర్టు ఉంది, లేదా క్రింపింగ్‌లో ఒక తీగ అందలేదు. నాలుగు జతలూ కలిస్తేనే గిగాబిట్, రెండే కలిస్తే 100కు దిగిపోతుంది. రూటర్ పేజీలో పోర్టు పక్కన 100 అని ఉందా 1000 అని ఉందా చూస్తే తెలిసిపోతుంది. 100 ఉంటే కొన కత్తిరించి మళ్లీ క్రింప్ చేయండి.

వైఫై కలిసింది కానీ ఇంటర్నెట్ లేదంటే ఫోన్‌కు వచ్చిన ఐపీ అడ్రసు చూడండి. 169.254తో మొదలైతే కింది పెట్టె నుంచి అడ్రసు అందలేదు, అంటే వైరు లోపం లేదా తప్పు పోర్టు. అడ్రసు సరిగ్గానే ఉండి నెట్ లేకపోతే కిందికి వెళ్లి ఓఎన్‌టీ వైఫైలో చూడండి. అక్కడా లేకపోతే లోపం కంపెనీ వైపుది.

వాళ్లకు ఫోన్ చేసే ముందు ఓఎన్‌టీ పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్, అంటే ఫైబర్‌లోంచి అందుతున్న వెలుగు బలం, ఎంతుందో చూసి పెట్టుకోండి. మైనస్ 15 నుంచి 25 మధ్య ఉంటే ఫైబర్ సాధారణంగా బాగున్నట్టు. మైనస్ 27 దాటి కిందికి పోతే ఎక్కడో తీగ వంగింది లేదా జాయింట్ చెడింది. నెట్ రావట్లేదండీ అని చెప్తే పెట్టె ఒకసారి ఆపి వేయమంటారు. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, రిసీవ్ పవర్ మైనస్ 29 చూపిస్తోంది అని చెప్తే మనిషిని పంపుతారు. ఆ మనిషి వచ్చేలోపు ఎవరెంత చెప్పినా ఓఎన్‌టీ వెనక చిన్న చిల్లులో పిన్ను గుచ్చి రీసెట్ చేయకండి. లోపలున్న లాగిన్ వివరాలన్నీ చెరిగిపోవచ్చు, అప్పుడు ఫైబర్ బాగైనా నెట్ రాదు. పైన మీరు కొన్న రూటర్‌ను మాత్రం ఎన్నిసార్లయినా రీసెట్ చేసుకోవచ్చు, మళ్లీ అరగంట పనే.